రక్తమందలి చక్కెరను హరించు చిఱుకంతి

(వార్షిక మహాసభ రెండవనాటి యుదయమున గావింపబడిన యుపన్యాసము)



ఈ మహాసభయందు ఆరోగ్యమును గుఱించి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు నన్ను గోరినప్పుడు, నేను మధుమేహమును గుఱించియో రక్తపుపోటును గుఱించియో మాటలాడుదునని వారు తలంచియుందురు. ఆ వ్యాధులు మన యిండ్లలో నెల్లెడల నున్నవి. వానిని గుఱించి హెచ్చరించువారును పెక్కురు గలరు. నేడు నేను చెప్పబోవునది మధుమేహమునకు విపరీతమైనది. రక్తములో చక్కెర హెచ్చుట కాదు, తగ్గుట. అందును క్లోమమను నవయవములో బుట్టిన యొక చిన్నకంతివలన తగ్గుట. దీనికి వైద్యులు ఇన్సులినోమా యని పేరు పెట్టిరి. ఏటికి పదిలక్షలమందిలో నొకరు మొదలు నలుగురికి మాత్రమే యిది క్రొత్తగా గనబడునని లెక్కవేసియున్నారు.

ఇంత యరుదైన దానికి మహాసభవారి యమూల్యకాలమును వెచ్చించుట యేల యని మీరడుగవచ్చును. అడుగుట న్యాయమే. సమాధానముగా మొదట మా యింటి కథ నొకదానిని విన్నవించుకొందును. ఇందు దోషి నేనే గనుక చెప్పుటకు సంకోచము గలదు. అయినను దాచుటకంటె చెప్పుటయే మేలు.

మా మేనత్తగారు వ్యవసాయకుటుంబపు గృహిణి. నలువదియైదేండ్లు వచ్చువఱకు తలనొప్పియనియైన నెఱుగరు. అట్టి యామెకు తెల్లవారుజామున నొక వింత మార్పు రాసాగెను. పాలు పిదుకుటకు బోయి, చెంబు చేతబట్టుకొని, పాకలో శూన్యముగా జూచుచు నిలువబడెడివారు. పిలిచిన బలుకరు. పలికిన నది పొందులేని మాట. కన్నకూతును జూచి "ఎవరమ్మా నీవు?" అని యడిగిన దినములును గలవు. ఒడలెల్ల చెమట. ఎవరైన బలవంతముగా కాఫీ త్రాగించిన కొంతసేపటికి దేఱుకొని, జరిగిన దేదియు జ్ఞప్తిలేక, యథాప్రకారము పనిపాటలు చూచుకొనెడివారు. ఏకాదశినాడు ఉపవాసమున్నచో మఱునాటి యుదయమున నిది మఱింత తీవ్రముగా నుండెడిది.

గాలి సోకినదని కొందఱనిరి. దేవత పూనినదని మఱికొందఱనిరి. తాయెత్తులు గట్టిరి. ఒకనాడు ఈడ్పులు వచ్చి పడిపోగా నాకు కబురు పంపిరి. నేను మధ్యాహ్నమునకు జేరితిని. అప్పటికామె స్వస్థురాలై నాకు భోజనము వడ్డించిరి. పరీక్షించితిని. రక్తమందలి చక్కెరను జూచితిని. అది సరిగనే యుండెను. మూర్ఛవ్యాధియని నిశ్చయించి మాత్రలు వ్రాసియిచ్చితిని. మూడేండ్లు ఆ మాత్రలనే మ్రింగిరి. ఈడ్పులు తఱుగలేదు. ఆకలికి తాళలేక మాటిమాటికి దినుటచే శరీరము మాత్రము స్థూలించెను.

ఈ మూడేండ్లలో నామె కూతునకు కుదిరిన సంబంధము చెడిపోయినది. "తల్లికి మతిచలనము గలదట, అట్టి యింటి పిల్ల మనకేల?" యని మగపెండ్లివారు వెనుదిరిగిరి. ఆ మాట పరులు పుట్టించినది కాదు. మన బంధువర్గములోనే పుట్టి, పెండ్లిపందిళ్లలో చేతులు మాఱి, వారి చెవిని బడినది.

తుదకు నిజమును గనిపెట్టినది వైద్యుడనగు నేను గాను, ఆ పిల్లయే. ఆమె యొకనాడు నాతో నిట్లనెను: "బావా! నీవు వచ్చునప్పటికి అమ్మ యెప్పుడును భోజనము చేసియే యుండును. కడుపు నిండిన యమ్మకు రోగము లేదు. ఒకసారి తెల్లవారకమునుపు చూడుము." ఆ మాట నాకు కొరడాదెబ్బవలె దగిలినది. ఆ రాత్రి వారింటనే పండుకొంటిని. వేకువను నాలుగున్నరగంటలకు ఆమె మంచముపై గూర్చుండి గోడతో మాటలాడుచుండిరి. వ్రేలినుండి రక్తపుబొట్టు దీసి గ్లూకోమీటరుతో జూచితిని. డెసిలీటరు రక్తమునకు 38 మిల్లీగ్రాముల చక్కెర! భోజనమునకు ముందు ఆరోగ్యవంతునకు 70 మొదలు 99 వఱకు నుండవలెను. చక్కెరనీళ్లు త్రాగించితిమి. పదినిమిషములలో కన్నులు దేఱి, నన్ను జూచి, "ఏమి నాయనా, అప్పుడే లేచితివా? కాఫీ పెట్టెదను" అనిరి.

తరువాత పెద్ద వైద్యశాలలో పరీక్షలు జరిగినవి. క్లోమములో కుంకుడుగింజంత కంతి యుండెను. దానిని దీసివేసిరి. నాటినుండి నేటివఱకు ఆమెకు మరల నట్టి యుదయము రాలేదు. ఆమె కూతునకు వేఱొకచోట వివాహమైనది. చెడిన మొదటి సంబంధము చెడినట్లే. ఆ మూడేండ్ల యవమానమును మాత్రము ఎవ్వరును దీసివేయజాలరు.

క్లోమము - దాని పని

కుంకుడుగింజంత కంతి మనుష్యుని మతి నెట్లు గ్రమ్మివేయును? ఇది తెలియవలెనన్న క్లోమము చేయు పనిని గొంత యెఱుగవలెను. జీర్ణాశయమునకు వెనుక అడ్డముగా బరుండియున్న యవయవమిది. ఆహారమును జీర్ణము చేయు రసము నిచ్చుట దీని యొక పని. 1869లో బెర్లినునందు పాల్ లాంగర్‌హాన్సను ఇరువదియొక్కయేండ్ల విద్యార్థి, ఈ యవయవములో దీవులవలె విడివిడిగా నున్న కణసమూహములను దన సిద్ధాంతవ్యాసమున వర్ణించెను. అవి యేమి చేయునో యతనికి దెలియదు. 1889లో స్ట్రాస్‌బుర్గున మింకోవ్‌స్కీ, వాన్ మేరింగు అనువారు కుక్కకు క్లోమమును దీసివేయగా దానికి మధుమేహము గలిగెను. 1921లో టొరాంటో నగరమున బాంటింగు, బెస్టు అనువారు క్లోమమునుండి యొక సారమును దీసిరి. 1922 జనవరిలో దానిని శుద్ధిచేసి, మధుమేహముతో మరణోన్ముఖుడైన పదునాలుగేండ్ల బాలునికి ఎక్కించగా నతడు కోలుకొనెను. ఆ దీవులలో బుట్టు సారమే ఇన్సులిన్ అను హార్మోను.

మన శరీరమందలి రక్తమంతటిలో నొక్కవేళ నుండు చక్కెర యించుమించు 5 గ్రాములు, అనగా నొక్క చెంచా. ఆ చెంచాడును తఱిగిపోవుచు, కాలేయమునుండి మరల వచ్చి నిండుచు నుండవలెను. ఏలయన, మెదడు తనలో చక్కెరను నిలువచేసికొనజాలదు. దినమునకు 120 గ్రాముల వఱకు రక్తమునుండియే తీసికొనును. ఇన్సులిన్ చక్కెరను కండరములలోనికిని క్రొవ్వులోనికిని బంపును. కాలేయమునుండి చక్కెర వెలువడకుండ నడ్డగించును. మనము భుజించినప్పుడు ఇన్సులిన్ హెచ్చును. ఉపవాసమున్నప్పుడు దాదాపు నిలిచిపోవును. అప్పుడు కాలేయము తన నిలువనుండి చక్కెరను విడుచును. ఉపవాసము దీర్ఘమైనచో క్రొవ్వు కరగి కీటోనులను పదార్థములు పుట్టి మెదడునకు రెండవ యాహారమగును. మన పెద్దలు శివరాత్రినాడు పగలు రేయి నిరాహారులై యుండియు మతి దప్పకుండుటకు గారణమిదియే.

చెఱువుక్రింద సేద్యము చేయువారికి ఒక యుపమానము చెప్పెదను. ఆరోగ్యముగల క్లోమము మంచి నీరుగంటి వంటిది. చెఱువున నీరు నిండియున్నప్పుడు తూము దెఱచును. నీరు తగ్గినప్పుడు మూయును. ఇన్సులిన్ స్రవించు కంతి చెఱువు ఎండుచున్నను తూము మూయని నీరుగంటి. రాత్రి యంతయు భోజనము లేదు, చక్కెర తఱుగుచున్నది, అయినను ఇన్సులిన్ వచ్చుచునే యుండును. అది కాలేయమును గట్టివేయును. క్రొవ్వును గరగనీయదు గనుక కీటోనులును రావు. మెదడునకు మొదటి యాహారము లేదు, రెండవదియు లేదు. ఆకొన్న మెదడు చేయు వెఱ్ఱిచేష్టలనే మనము గాలియనియు, పూనకమనియు, మద్యపానమనియు, ఉన్మాదమనియు బిలుచుచున్నాము.

కంతిని గనిపెట్టిన చరిత్ర

ఇన్సులిన్ మందుగా వచ్చిన కొలదికాలమునకే, మోతాదు మించినవారికి చెమట, వణకు, మతిభ్రమ, ఈడ్పులు గలుగుట వైద్యులు చూచిరి. అమెరికాలో అలబామా రాష్ట్రపు వైద్యుడు సీల్ హారిసు, ఎన్నడును ఇన్సులిన్ పుచ్చుకొననివారిలోగూడ నీ లక్షణములే యుండుట గమనించి, కొందఱి క్లోమము తనంతదానే ఇన్సులిన్‌ను మితిమీఱి స్రవించుచున్నదని 1924లో బ్రకటించెను.

1926లో మిన్నెసోటా రాష్ట్రమందలి మేయో వైద్యశాలకు ఒక రోగి వచ్చెను. అతడును వైద్యుడే. విలియం మేయో యతని కడుపు దెఱచి చూడగా క్లోమములో కంతియు, అది వ్యాపించి కాలేయమున బుట్టిన కంతులును గానవచ్చెను. తీయుటకు వీలు లేకపోయెను. రోగి కొలదికాలమునకే మరణించెను. ఆ కంతుల సారమును కుందేళ్లకు ఎక్కించగా వాని రక్తమందలి చక్కెర పడిపోయెను. రసెల్ వైల్డరును నతని సహచరులును 1927లో నీ వృత్తాంతమును బ్రకటించిరి. కంతియే ఇన్సులిన్‌ను జేయుచున్నదని యట్లు తేటపడినది. 1929లో రాస్కో గ్రాహమను శస్త్రవైద్యుడు టొరాంటో నగరమున నొక స్త్రీ క్లోమమునుండి యిట్టి కంతిని దీసివేసి యామెను స్వస్థురాలిని జేసెను. ఇన్సులిన్ లేక మరణించువారిని బ్రదికించిన నగరమే ఇన్సులిన్ మించి మరణించువారికిని మొదటి దారి చూపినది.

అటుపిమ్మట న్యూయార్కు శస్త్రవైద్యుడు అలెన్ విపుల్ 1935లో వర్జీనియా ఫ్రాంట్జు అను వైద్యురాలితో గూడి యిట్టి రోగుల వృత్తాంతములను బ్రకటించెను. ఎవరికి కడుపు కోయవలెను, ఎవరికి కోయరాదు అను ప్రశ్నకు అతడేర్పఱచిన మూడు గుర్తులు నేటికిని బ్రమాణములై యున్నవి. మొదటిది, ఆహారము లేనివేళ లక్షణములు గనబడుట. రెండవది, సరిగా నావేళనే రక్తమున చక్కెర తక్కువగా నుండుట. మూడవది, చక్కెర యిచ్చినంతనే లక్షణములు తొలగుట.

ఈ మూడింటిని మరల నొకసారి తలపోయుడు. వీనిలో మొదటిదియు మూడవదియు చూడగలవా రెవరు? తెల్లవారుజామున ప్రక్కనున్న భార్య, భర్త, కూతురు, కోడలు. వైద్యుడు చూచువేళకు రోగి భుజించియుండును. సాక్ష్యము కడిగివేయబడి యుండును. నేను చేసిన పొరపాటు తెలివిలేక చేసినది కాదు, వేళ తప్పి చూచుటచే జేసినది.

గుర్తులు - పరీక్షలు

చక్కెర తగ్గుట యారంభమైనప్పుడు దేహము హెచ్చరించును. అడ్రినలిన్ పుట్టి గుండెదడ, వణకు, చెమట, విపరీతమైన ఆకలి గలుగును. ఇంకను తగ్గినచో మెదడు చెడును: చూపు మసకబాఱుట, మాట తడబడుట, కారణములేని కోపము, తన వారిని గుర్తింపలేమి, ఈడ్పులు, స్మృతి తప్పుట. తఱచుగా చక్కెర తగ్గువారిలో మొదటి హెచ్చరికలు క్రమక్రమముగా మొద్దువాఱిపోవును. చెమటయైన బట్టకయే మతి దప్పును. అందుచేతనే యీ రోగులలో నెందఱో మూర్ఛరోగులుగానో మానసికరోగులుగానో యేండ్ల తరబడి చికిత్స పొందుదురు.

ఒక హెచ్చరిక. రక్తమున చక్కెర తగ్గిన ప్రతివానికిని కంతి యున్నదని భయపడరాదు. మధుమేహమునకు ఇన్సులిన్ గాని, కొన్నివిధములైన మాత్రలు గాని పుచ్చుకొనుచు భోజనము తప్పించిన వారిలోనే యిది మిక్కిలి తఱచు. మద్యపానము, కాలేయ మూత్రపిండముల వ్యాధులు, అడ్రినల్ గ్రంథుల దౌర్బల్యము మొదలగునవియు గారణములగును. ఒకరి మాత్రలు మఱియొకరు పొరపాటున మ్రింగుటయు గలదు. ఇవి యేవియు లేనివానికి మాటిమాటికి చక్కెర తగ్గినప్పుడే యీ కంతిని శంకింపవలెను.

శంక గలిగినచో వైద్యశాలలో నుంచి 72 గంటలవఱకు ఉపవాసపరీక్ష చేయుదురు. నీరు మాత్రమే యిత్తురు. దాదాపు మూడవవంతు రోగులకు 12 గంటలలోపుననే, అధికసంఖ్యాకులకు 48 గంటలలోపుననే చక్కెర పడిపోవును. ఈ పరీక్షను ఇంటియొద్ద నెన్నడును జేయరాదు, అది ప్రాణాపాయకరము. చక్కెర 55 మిల్లీగ్రాములకు దిగిన క్షణమున తీసిన రక్తములో ఇన్సులిన్ నిలిచిపోయి యుండవలెను. నిలువక మిల్లీలీటరునకు 3 మైక్రోయూనిట్లో అంతకు మించియో యున్నచో తూము మూయబడలేదని యర్థము.

రక్తములో నింత సూక్ష్మమైన ఇన్సులిన్‌ను గొలుచు పద్ధతిని 1959-60 ప్రాంతమున రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్ అనువారు న్యూయార్కున గనిపెట్టిరి. బెర్సన్ 1972లో మరణించెను. యాలోకు 1977లో నోబెల్ బహుమానము వచ్చెను. ఆ ఇన్సులిన్ దేహములో బుట్టినదా, సూదితో నెక్కించినదా యను సందేహమునకును సమాధానము గలదు. దేహము మొదట నొక పెద్ద పదార్థమును జేసి, దానిని గోసి ఇన్సులిన్‌గాను సి-పెప్టైడు అను తునకగాను విడదీయును. ఈ పెద్ద పదార్థమును 1967లో షికాగోలో డోనాల్డు స్టైనరు కనిపెట్టెను. సూదిమందులో సి-పెప్టైడు ఉండదు. కావున రెండును హెచ్చుగా నున్నచో నది దేహములోనిదే. మధుమేహపు మాత్రలచేతను రెండును హెచ్చును గనుక ఆ మాత్రల జాడయు రక్తములో వెదకుదురు.

పిమ్మట కంతి యెక్కడ నున్నదో వెదకవలెను. నూటికి తొంబదిమందిలో నది యొక్కటియే యుండును. రెండు సెంటిమీటర్లకు లోబడియుండును. సి.టి., ఎమ్.ఆర్.ఐ. స్కానులకు గానరానిది, నోటిద్వారా గొట్టము దింపి జీర్ణాశయమునుండి చూచు అల్ట్రాసౌండుకు గనబడవచ్చును. శస్త్రవైద్యుని చేతివ్రేళ్లకును, కడుపు దెఱచినపిమ్మట క్లోమముపై నుంచు అల్ట్రాసౌండునకును గూడ మిక్కిలి విలువ గలదు.

చికిత్స

శుభవార్త యేమనగా, ఈ కంతులలో నూటికి తొంబది సాధువులు. అనగా నితరావయవములకు వ్యాపింపవు. నిపుణుడైన శస్త్రవైద్యుడు కంతిని మాత్రము పెకలించివేసినచో వ్యాధి సాధారణముగా సమూలముగా బోవును. శస్త్రచికిత్సకు వీలులేనివారికి డయజాక్సైడు, ఆక్ట్రియోటైడు మొదలగు మందులు గలవు. వ్యాపించు జాతి కంతులకు చికిత్స కఠినమైనను, చేయదగినది నేడు పూర్వముకంటె హెచ్చుగానే యున్నది.

ఇందు వంశపారంపర్యమైనది స్వల్పము. నూటికి పదిమందికి మించనివారిలో మాత్రము ఇది పారాథైరాయిడు, పిట్యూటరీ గ్రంథుల కంతులతో గూడిన యొక జన్యువ్యాధిలో భాగమగును. ఆ జన్యువును 1997లో గుర్తించిరి. అట్టి కుటుంబములవారు పరీక్ష చేయించుకొనవలెను. తక్కిన తొంబదిమంది బిడ్డలకును దీనితో సంబంధము లేదు. ఉన్మాదముతో నెవ్వరికిని సంబంధము లేదు.

క్లోమములో గాక ఇతరత్ర బుట్టు పెద్ద కంతులును కొన్ని చక్కెరను దగ్గించును. రొమ్ములో, ఊపిరితిత్తులను గప్పియుండు పొరపై బుట్టు అట్టి కంతులను 1930లో డోగే, పాటరు అనువారు వేర్వేఱుగ వర్ణించిరి. అవి ఇన్సులిన్‌ను గాక దానిని బోలిన మఱియొక పదార్థమును స్రవించును. అట్టి రోగులలో ఇన్సులిన్, సి-పెప్టైడు తక్కువగా నుండును.

మన కర్తవ్యము

2011 జనాభా లెక్కలనుబట్టి నేటి ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలో కలిసి సుమారు 8 కోట్ల 46 లక్షలమంది యుండిరి. మొదట జెప్పిన లెక్క మనకును వర్తించునేని, ఏటికి ఎనుబదిమందికి తక్కువగాక, మూడువందలకు మించియైనను క్రొత్త రోగులుండవలెను. వారిలో నెందఱు తాయెత్తులతోను, ఎందఱు నావంటివాడు వ్రాసియిచ్చిన మాత్రలతోను గాలము గడపుచున్నారో యోచింపుడు.

కావున మీకు మూడు మనవులు చేసికొందును.

ఇంటిలో నెవరైన వేకువజామున గాని, భోజనమాలస్యమైనప్పుడు గాని, ఉపవాసదినములందు గాని వింతగా ప్రవర్తించి, తినినపిమ్మట బాగుపడుచున్నచో, ఆ సమయమును, చివరి భోజనపు వేళను కాగితముపై వ్రాసియుంచుడు. నేడు గ్లూకోమీటరు లేని గ్రామమరుదు. ఆ క్షణముననే రక్తపుబొట్టు దీసి చూడుడు. ఆ యంత్రపు లెక్క కొంచెము తప్పవచ్చును గనుక వైద్యశాలలో రక్తనాళమునుండి దీసిన రక్తముతో నిర్ధారణ చేయించుడు. వైద్యునికి నోటిమాట చాలదు. ఆ కాగితము చూపుడు.

రోగికి స్మృతియుండి మ్రింగగలిగినచో మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో గలిపి త్రాగించుడు. పావుగంటకు మరల చూడుడు. పిమ్మట భోజనము పెట్టుడు. స్మృతి తప్పినచో నోట నేమియు బోయకుడు. అది యూపిరితిత్తులలోనికి బోవును. ప్రక్కకు ఒత్తిగిలబెట్టి వెంటనే వైద్యశాలకు జేర్చుడు. అక్కడ రక్తనాళమునకు గ్లూకోజు ఎక్కింతురు. ఒకమాటు తేఱుకొనినది చాలునని యూరకుండరాదు.

మూడవ మనవి వైద్యమునకు సంబంధించినది కాదు. ఇట్టి మహాసభలకు వచ్చినప్పుడు మనము సంబంధములను గుఱించియు మాటలాడుకొందుము; అది సహజమే. ఒక యింటి గృహిణి మతిని గుఱించి మాట వచ్చినప్పుడు దానిని ముందునకు సాగింపకుడు. "ఆమె యే వేళ నట్లుండును? భుజించినపిమ్మట నెట్లుండును?" అని మాత్రమడుగుడు. మా మేనత్తగారి బంధువులలో నొక్కరైన నా ప్రశ్న నడిగియుండినచో మూడేండ్లు వృథా కాకపోయెడివి. అడుగవలసినవారిలో మొదటివాడను నేను.